జ్వరం తగ్గిన రెండు నెలలకు జుట్టు ఎందుకు రాలుతుంది?

చెల్లీ, టైఫాయిడ్ తగ్గిన రెండు నెలలకి జుట్టు గుప్పెళ్లతో ఊడుతోందని, గోళ్ల మీద అడ్డంగా గాడులు పడ్డాయని రాశావు. మందుల వేడా, బోరు నీళ్లా అని అడిగావు. రెండూ కాకపోవచ్చు.

మాది గుణుపురం, ఒడిశాలో రాయగడ జిల్లా. మా వైపు మలేరియా కొత్తేమీ కాదు. నాకు శ్రావణంలో వచ్చింది, వారం పాటు మంచం దిగలేదు. తర్వాత ఆకలి పుట్టింది, ఒళ్లూ పట్టింది. జ్వరం సంగతే మర్చిపోయాక కార్తీకంలో మొదలైంది. వంశధారలో స్నానం చేసి తల తుడుచుకుంటే తువ్వాలు నిండా జుట్టే. అమ్మ దిష్టి తీసింది. పక్కింటి పిన్ని నూనె మార్చమంది, మార్చాను. షాంపూ కూడా మార్చాను. డబ్బు దండగ.

చివరికి చర్మం డాక్టరు దగ్గరికెళ్తే ఆయన నా తల చూడకముందే "రెండు మూడు నెలల కిందట గట్టి జ్వరం వచ్చిందా?" అన్నారు. మామూలుగా రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలతాయి. పెద్ద జ్వరం వస్తే పెరుగుతున్నవాటిలో చాలా భాగం ఒక్కసారే విశ్రాంతిలోకి పోతాయట. అవి వెంటనే రాలవు, రెండు మూడు నెలలు కుదుళ్లలోనే ఉండి అప్పుడు ఊడతాయి. దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. నీ దువ్వెనలో ఉన్నది టైఫాయిడ్ నాటి బాకీ.

గోళ్ల గాడులూ అంతే. జ్వరంలో గోరు పెరుగుదల తడబడుతుంది, ఆ చోటే గాడి. 1846లో వీటి గురించి రాసిన ఫ్రెంచి వైద్యుడి పేరుతో బో గీతలంటారు. చేతి గోరు నెలకు 3 మిల్లీమీటర్ల లెక్కన పెరుగుతుంది కనుక గాడి ఎంత దూరం జరిగిందో చూసి జ్వరం ఎప్పుడొచ్చిందో ఉజ్జాయింపుగా చెప్పొచ్చు. మా ఇంట్లో ఈ మాట ఎవరూ నమ్మలేదనుకో.

నాకు హిమోగ్లోబిన్, ఐరన్, థైరాయిడ్ పరీక్షలు రాశారు. ఐరన్ తక్కువని తేలింది, మాత్రలు వాడాను. నువ్వు జుట్టు కోసమని బయోటిన్ (ఒక బి విటమిన్) మాత్రలు వేసుకుంటుంటే రక్తం ఇచ్చేముందు డాక్టరుకి చెప్పు, థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు. బిళ్లల్లా గుండ్రంగా ఊడినా, ఆరు నెలలు దాటినా ఆగకపోయినా మాత్రం చూపించుకో.

నాకు సంక్రాంతికల్లా పాపిడి పక్కన పిల్ల వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి, ఎంత దువ్వినా అణగవు. చేతి గాడులు మాఘంలో నెయిల్ కట్టర్‌కి పోయాయి. కాలి బొటనవేలి మీది మాత్రం మళ్లీ శ్రావణం వచ్చినా ఉంది.