విక్టోరియా కాలపు సైన్స్ కథలు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఇంకా ఎందుకు చదవాలి

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. విక్టోరియా రాణి పాలన చివరి ఏళ్ళలో ఇంగ్లండులో వచ్చిన సైన్స్ ఫిక్షన్ చిన్న కథలను ఎక్కడ మొదలుపెట్టాలన్నది ఒకటి. వాటిలోని సైన్స్ పాతబడిపోయింది కదా, ఇంకా ఎందుకు చదవాలన్నది రెండోది. నేను డిగ్రీ విద్యార్థులకు చాలాకాలంగా భౌతికశాస్త్రం బోధిస్తున్నాను, వీలు చిక్కినప్పుడల్లా ఈ కథలను తరగతిలో వాళ్ళతో కలిసి చదువుతుంటాను కనుక ఆ అనుభవంతోనే జవాబు చెబుతున్నాను. ఇంగ్లండు రచయిత హెచ్. జి. వెల్స్ రాసిన ‘ది స్టార్’తో మొదలుపెట్టండి.

1897 క్రిస్మస్‌కు ‘ది గ్రాఫిక్’ పత్రికలో అచ్చయిన ఈ కథను ఒక్క పూటలో హాయిగా చదివేయవచ్చు. నెప్ట్యూన్ గమనం తప్పిందని మూడు వేధశాలలు కొత్త సంవత్సరం తొలిరోజున ప్రకటించడంతో కథ మొదలవుతుంది. సౌరకుటుంబం వెలుపలి నుంచి వచ్చిన ఒక గోళం నెప్ట్యూన్‌ను ఢీకొంటుంది, రెండూ కలిసి మండే ముద్దగా మారి సూర్యుడి వైపు పడసాగుతాయి, ఆ దారి భూమికి దగ్గరగా వస్తుంది. వెల్స్ మనల్ని నమ్మమని అడిగేది ఈ ఒక్క సంగతినే. అక్కడి నుంచి కథ న్యూటన్ సూత్రాల వెంట నడుస్తుంది: గురుగ్రహం తన ఆకర్షణతో ఆ నక్షత్రం మార్గాన్ని వంచుతుంది, అది దగ్గరయ్యే కొద్దీ సముద్రాల పోటు పెరుగుతుంది, కొండల మీది మంచు కరిగి నదులు పొంగుతాయి, భూమి కంపిస్తుంది.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చేది గణితాచార్యుడి ఘట్టం. ఆయన నిద్ర పట్టకుండా మందు వేసుకుని వరసగా నాలుగు రాత్రులు లెక్కలు కట్టి, మర్నాడు పాఠం చెప్పడానికి తరగతికి వస్తాడు. వేళ్ళ మధ్య సుద్దముక్క నలుపుతూ ఉంటే తప్ప ఆయనకు మాట సాగదని, ఒకసారి విద్యార్థులు సుద్దముక్కలన్నీ దాచేస్తే ఆయనకు నోరు పెగల్లేదని వెల్స్ అలవోకగా చెబుతాడు. అక్కడ మా తరగతి ప్రతిసారీ నవ్వుతుంది. అంతలోనే ఆ ఆచార్యుడు, తన చేతిలో లేని కారణాల వల్ల ఈ పాఠాలు పూర్తి చేయలేనని, క్లుప్తంగా చెప్పాలంటే మనిషి బతికిందంతా వృథా అయినట్టేనని అంటాడు. నవ్వు టక్కున ఆగిపోతుంది. లోకం మునగబోతోందన్న కబురును సుద్దముక్క పట్టుకున్న ఒక మాస్టారి నోట, పాఠం చెప్పే భాషలోనే చెప్పించడం మామూలు నేర్పు కాదు. తర్వాత ఈ దారిలో రాసిన చాలామందికి అది పట్టుబడలేదు.

కథలో మన దేశం కూడా వస్తుంది. సింధు నది ముఖద్వారం నుంచి గంగ ముఖద్వారాల దాకా మైదానమంతా నీట మునుగుతుంది. గుళ్ళూ మేడలూ మిట్టలూ జనంతో నల్లగా కిక్కిరిసి కనిపిస్తాయి. 1977 నవంబరు ఉప్పెనలో దివిసీమలో అయినవాళ్ళను పోగొట్టుకున్న కుటుంబం నుంచి వచ్చిన ఒక విద్యార్థిని ఈ పేరా విన్నాక, “మా నాయనమ్మ చెప్పేదీ ఇలాగే ఉంటుంది సార్, నీళ్ళెంత ఎత్తు వచ్చాయో చెప్పదు, ఎవరు ఏ చెట్టు పట్టుకుని మిగిలారో చెబుతుంది” అంది. ఆ మాట విన్నాకే ఈ కథ ముగింపు నాకు పూర్తిగా అర్థమైంది. చివర్లో అంగారకుడి మీది ఖగోళ శాస్త్రజ్ఞులు ఈ ప్రళయాన్ని అంత దూరం నుంచి గమనించి, భూమి ధ్రువాల దగ్గరి తెల్లదనం కొంత తగ్గడం తప్ప చెప్పుకోదగ్గ నష్టమేమీ జరగలేదని తేల్చుకుంటారు. లక్షల మంది చావును అంతసేపు దగ్గరగా చూపించిన రచయిత, చిట్టచివరికి మనల్ని ఆ దూరానికి తీసుకుపోయి నిలబెడతాడు.

ఇక సైన్స్ పాతబడడం గురించి. అంగారకుడి మీద ఖగోళ శాస్త్రజ్ఞులు లేరని ఇప్పుడు చిన్నపిల్లలకూ తెలుసు. కానీ దూరం సగానికి తగ్గితే పోటు పుట్టించే బలం ఎనిమిది రెట్లవుతుందన్న లెక్క ఆనాడెంతో ఈనాడూ అంతే. బోర్డు మీద ఆ లెక్క వేయించి, తర్వాత అవే పేరాలు మళ్ళీ చదివిస్తే విద్యార్థుల ముఖాల్లో వచ్చే మార్పును నేను స్వయంగా చూశాను. ఈ కథల్లో పాతబడేది సాధారణంగా ఆ మొదటి ఊహ మాత్రమే. దాని నుంచి నిజాయితీగా పర్యవసానాలు లాగిన పద్ధతి మాత్రం నిలిచే ఉంటుంది.

ఆ పద్ధతి పుట్టడానికి ఆనాటి పత్రికల తీరు కూడా ఒక కారణం. 1891లో ‘స్ట్రాండ్’, 1892లో ‘ఐడ్లర్’, 1896లో ‘పియర్సన్స్’ మొదలయ్యాయి; ఒక్క పూటలో పూర్తయ్యే కథలకు గిరాకీ బాగా పెరిగింది. ‘పాల్ మాల్ బడ్జెట్’ సంపాదకుడు లూయిస్ హైండ్ సైన్స్ ఆధారంగా అలాంటి కథలు రాయమని వెల్స్‌ను అడిగాడు. లండన్ సౌత్ కెన్సింగ్టన్‌లో టి. హెచ్. హక్స్‌లీ దగ్గర జీవశాస్త్రం చదువుకుని, ఉపాధ్యాయుడిగా పనిచేసి, పాఠ్యపుస్తకం కూడా రాసిన మనిషి కనుక వెల్స్‌కు ఆ ముడిసరుకు చేతిలోనే ఉంది. 1894 జూన్‌లో వచ్చిన ‘ది స్టోలెన్ బేసిల్లస్’లో ఒక అరాచకవాది (ప్రభుత్వాలే ఉండకూడదనే మనిషి) ప్రయోగశాల నుంచి కలరా క్రిములున్నాయనుకున్న గాజు గొట్టాన్ని దొంగిలించి, లండన్ నీటి సరఫరాలో కలపడానికి బండెక్కి పారిపోతాడు. జర్మన్ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కోచ్ కలకత్తాలో కలరా క్రిమిని వేరుచేసి అప్పటికి పదేళ్ళే అయింది. గ్రీనిచ్ వేధశాల దగ్గర ఒక అరాచకవాది చేతిలో బాంబు పేలి నాలుగు నెలలే అయింది. ఆ పాఠకులకు రెండు భయాలూ పచ్చిగానే ఉన్నాయన్నమాట.

‘ది స్టార్’ తర్వాత నేను చదివించేది ‘ది క్రిస్టల్ ఎగ్’. లండన్‌లోని సెవెన్ డయల్స్ దగ్గర పాత సామాన్ల కొట్టు నడుపుకునే కేవ్ అనే ముసలాయన, ఐదు పౌన్లకు బేరం వచ్చినా ఒక స్ఫటికపు గుడ్డును అమ్మడానికి ఒప్పుకోడు; చీకట్లో అందులోకి చూస్తూ అప్పటికే వేరే లోకాన్ని కనుగొన్నాడు, ఇంట్లో భార్య సాధింపు భరించలేక దాన్ని దాచిపెడతాడు. ఆ లోకపు ఆకాశంలో రెండు చిన్న చందమామలు కనిపించడంతో అది అంగారకుడని తేలుతుంది. ఆ రెండు ఉపగ్రహాలను అమెరికా ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆసఫ్ హాల్ కనుగొన్నది 1877లో. ఖగోళ శాస్త్రం అందించిన ఆ చిన్న ఆనవాలును సంసారపు గోల మధ్యలో అంత సహజంగా పెట్టిన కథ మరొకటి నేను చదవలేదు.

వెల్స్ ఒక్కడే కాదు. గ్రాంట్ అలెన్ 1897 డిసెంబరు ‘స్ట్రాండ్’లో రాసిన ‘ది థేమ్స్ వ్యాలీ కెటాస్ట్రఫీ’లో భూమి చీలి, లావా థేమ్స్ లోయ వెంట లండన్ మీదికి పారుతుంటే కథకుడు సైకిల్ మీద దానికంటే ముందు పరుగెడతాడు. మన వికారాబాద్, జహీరాబాద్ ప్రాంతాల్లో ఉన్న దక్కన్ నల్లరాయి కూడా ఒకప్పుడు అలా చీలికల నుంచి పొంగి పరుచుకున్నదే కనుక, తెలంగాణ విద్యార్థులకు ఆ కథను నేల చూపించి చెప్పవచ్చు. రాబర్ట్ బార్ 1892లో రాసిన ‘ది డూమ్ ఆఫ్ లండన్’లో పొగమంచు నగరాన్ని ఊపిరాడకుండా చేస్తుంది, కథగా అది కొంచెం పలుచనిదే, అయినా 1952 డిసెంబరులో లండన్ పొగమంచు వేలమందిని బలిగొన్నదని తెలిసినవారు దాన్ని తేలిగ్గా తీసుకోలేరు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. వెల్స్ రాసిన ‘ది లార్డ్ ఆఫ్ ది డైనమోస్’ లాంటి కథల్లో తెల్లవారు కాని మనుషులను చిత్రించిన తీరు అవమానకరంగా ఉంటుంది. డైనమో (కరెంటు పుట్టించే యంత్రం) హోరును పట్టుకున్న వర్ణన గొప్పదే, కానీ ఆ చూపును విమర్శించకుండా విద్యార్థుల ముందు ఆ కథను పెట్టడం తప్పని నా అభిప్రాయం.

అదే కాలంలో మన దేశంలోనూ ఒక శాస్త్రజ్ఞుడు ఇలాంటి కథ రాశాడు. జగదీశ్ చంద్ర బోస్ 1896లో బెంగాలీలో రాసి, కుంతలీన్ అనే తలనూనె పేరిట జరిగిన పోటీలో బహుమతి పొందిన కథలో, కలకత్తా మీదికి వస్తున్న తుఫాను ఉన్నట్టుండి మాయమవుతుంది; ఓడ మీది ప్రయాణికుడు సముద్రంలో పోసిన సీసాడు నూనే దానికి కారణం. నూనె అలలను అణచుతుందన్న నిజమైన పరిశీలన మీద ఆ ఊహ నిలబడింది. వెల్స్ పక్కన పెట్టి చదవండి, పోలిక మీకే తెలుస్తుంది.

వెల్స్ 1946లో మరణించాడు కనుక మన దేశంలో ఆయన రచనల మీద కాపీరైట్ 2006తో ముగిసింది. అలెన్, బార్‌లది అంతకు చాలా ముందే ముగిసింది. వెల్స్ కథలు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే పుస్తకాల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మీరు బోధనలో ఉన్నవారైతే ‘ది స్టార్’ను మీ విద్యార్థుల చేతనే పేరాకొకరు చొప్పున తెలుగులోకి అనువదింపజేయండి, ఎవరి అనుమతీ అక్కరలేదు.