మందు ముట్టని అమ్మానాన్నలతో డౌరో నది మీద ఏడు రాత్రులు

"అత్తయ్యగారికి 63, మావయ్యగారికి 69. ఇద్దరూ శాకాహారులు, మందు వాసనే పడదు. పోర్చుగల్‌లో డౌరో నది క్రూజ్‌కి తీసుకెళ్దామనుకుంటున్నాను, కానీ ఆ దారి పొడుగునా వైన్ తోటలేనట. వాళ్ళకి దండగవుతుందా?" అని అడిగారు మీరు. దండగ కాదండీ. రెండేళ్ళ కిందట నేనూ ఇదే తేల్చుకోలేక నెల రోజులు సతమతమయ్యాను. చివరికి సెప్టెంబరు ఆఖరి వారంలో అమ్మానాన్నల్ని తీసుకెళ్ళాం.

మావాళ్ళ సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే వాళ్ళకెందుకు నచ్చిందో మీకు తెలీదు. నాన్న ధవళేశ్వరం వైపు ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు, సర్వీసులో ఎక్కువ కాలం లాకుల (పడవల్ని ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి చేర్చే తలుపుల గదులు) మీదే. అమ్మ పుట్టిల్లు కడియం, వాళ్ళది నర్సరీ. నేనూ మా ఆయనా మ్యూనిక్‌లో ఉంటాం. అమ్మ మొదట్లో అసలు ఒప్పుకోలేదు. 2019లో కచ్చులూరు దగ్గర పడవ మునిగిన దగ్గర్నుంచి ఆవిడకి పడవ పేరెత్తితేనే భయం. పాపికొండలు కూడా మళ్ళీ వెళ్ళలేదు. "మీరు వెళ్ళిరండమ్మా, నేను ఇంట్లో ఉంటాను" అని ఒకటే మాట. ఆ భయం పోగొట్టింది నా మాటలేం కాదు. ఎక్కిన సాయంత్రమే సిబ్బంది అందరినీ నిలబెట్టి లైఫ్ జాకెట్లు తొడిగించి, ఏ తలుపులోంచి ఎటు రావాలో నడిపించి చూపించారు. పైగా డౌరోలో క్రూజ్ పడవలు రాత్రిళ్ళు నడవవు, చీకటి పడేసరికి ఏదో ఒక ఊళ్ళో ఒడ్డుకి కట్టేస్తారు. ఆ మాట విన్నాక అమ్మ ఆ రాత్రి హాయిగా పడుకుంది. మీ అత్తయ్యగారికి కూడా ఇలాంటి బెంగ ఉంటే ముందే ఈ సంగతి చెప్పండి.

ఎక్కేది పోర్టో ఊళ్ళో, లేదా నదికి అవతల ఒడ్డున ఉన్న గాయాలో. మధ్యలో దొం లూయిష్ వంతెన, 1886 నాటి ఇనుప వంతెన, రెండంతస్తులు. మన రాజమండ్రి రోడ్ కం రైల్ వంతెన మీద రోడ్డు పైన, రైలు కింద కదా, ఇక్కడ మెట్రో రైలు పైన వెళ్తుంది, రోడ్డు కింద. నాన్న దాని కింద కూర్చుని రివెట్లు చూస్తూ అరగంట లేవలేదు. ఒడ్డున రబేలో అనే చదును అడుగు పడవలు, వెనక పెద్ద తెడ్డుతో కట్టేసి ఉంటాయి. 1960ల దాకా పైనుంచి వైన్ పీపాలు ఆ పడవల మీదే దిగేవి. ఇప్పుడవి చూడ్డానికే.

రెండో రోజు పొద్దున్నే పడవ ఎదురు ప్రవాహంలో బయల్దేరింది. అసలు ప్రయాణం ఇక్కడ మొదలైంది, మా నాన్నకైతే మరీను. పోర్టో నుంచి స్పెయిన్ సరిహద్దు దాకా సుమారు 210 కిలోమీటర్లు. ఆ దారిలో ఐదు ఆనకట్టలు, ఒక్కోదానికీ ఒక లాకు. అన్నీ దాటేసరికి సముద్రమట్టం నుంచి సుమారు 125 మీటర్లు పైకి వెళ్ళిపోతాం. వాటిలో పెద్దది కరాపతేలో లాకు, ఒక్కసారే 35 మీటర్లు లేపుతుంది. మన కాలవల లాకుల్లో పడవ మనిషెత్తు లేస్తే గొప్ప.

కరాపతేలోలోకి పడవ దూరుతుంటే రెండు పక్కలా గోడకీ పడవకీ మధ్య మూరెడు సందు కూడా లేదు. వెనక తలుపు మూసుకుంది. పైకి చూస్తే బావి అడుగు నుంచి చూసినట్టు సన్నటి ఆకాశం. నీళ్ళు పైనుంచి దూకుతాయనుకున్నాను. అలా కాదు, అడుగు నుంచి ఊరుతున్నట్టు వచ్చాయి, పడవ ఊగలేదు కూడా. నాన్న రెయిలింగ్ పట్టుకుని ఒక చెయ్యి చాచి ఆ తడి సిమెంటు గోడని తాకారు. నాచు వేళ్ళకి అంటుకుంది. గోడ కిందికి జారిపోతోంది, నాన్న చెయ్యి మాత్రం అలాగే ఉంది. "కాటన్ దొర చూసుంటేనా" అన్నారు, ఆ తర్వాత పైకి చేరేదాకా మాట్లాడలేదు. చేతి గడియారం చూసి ఎన్ని నిమిషాలు పట్టిందో కాగితం మీద రాసుకున్నారు. మిగతా నాలుగు లాకులకీ అలాగే రాశారు. పొద్దున ఆరింటికి లాకు వస్తుందంటే ఐదున్నరకే స్వెట్టరు వేసుకుని డెక్ మీద ఉండేవారు. మీ మావయ్యగారు ఏ ఉద్యోగం చేశారో రాయలేదు, కానీ యంత్రాల మీద, నీళ్ళ మీద కాస్త ఆసక్తి ఉన్నవాళ్ళెవరికైనా ఈ లాకుల కోసమే వెళ్ళొచ్చు. ఒక్క జాగ్రత్త: కొన్ని వంతెనల కింద ఎత్తు చాలదు, అప్పుడు పై డెక్ మీది పందిళ్ళు మడిచేసి అందరినీ కిందికి దిగమంటారు. కంగారు పడక్కర్లేదు.

రేగువా ఊరు దాటాక కొండలు మారిపోతాయి. నది అంచు నుంచి శిఖరం దాకా మెట్లు మెట్లుగా ద్రాక్ష. ఒక్కో మెట్టుకీ ఒక గోడ, సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి పేర్చిన గోడలు. అక్కడ మట్టి అన్నదే లేదండీ. పలకలు పలకలుగా విడిపోయే రాయి. ఆ రాతిని పగలగొట్టి, ముక్కల్ని గోడలకి వాడి, పొడిని మట్టిగా చేసి అందులో తీగ నాటారు. పలకల సందుల్లోంచి వేళ్ళు లోతుకి దిగి నీళ్ళు వెతుక్కుంటాయి. పగలు ఎండకి కాగిన రాయి రాత్రి ఆ వేడిని తీగకి ఇస్తుంది. వైన్ కోసం ప్రభుత్వం హద్దులు గీసి, నియమాలు పెట్టిన తొలి ప్రాంతాల్లో ఇదొకటి. 1756లో పొంబాల్ మంత్రి హయాంలో జరిగిందది, ఆ హద్దు రాళ్ళు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. 2001లో యునెస్కో వారసత్వ జాబితాలోకి వచ్చింది.

పిన్యావ్ దగ్గర ఒక తోటకి తీసుకెళ్ళారు. (ఆ ఊరి చిన్న రైల్వే స్టేషన్ గోడల మీద నీలి పలకల బొమ్మలు, ద్రాక్ష కోత, పీపాలు, పడవలు. తప్పకుండా చూడండి, రేవు నుంచి నడిచే దూరమే.) తోట గైడ్ 1860ల నాటి కథ చెప్తోంది. అమెరికా నుంచి వచ్చిన ఒక పేను లాంటి పురుగు వేళ్ళు తినేసి, కొండలకి కొండలే ఎండిపోయాయట. చాలా గట్లు అలాగే వదిలేశారు. ఇప్పటికీ ఆ పాడుబడ్డ గట్లు కనిపిస్తాయి, కొన్నిట్లో ఆలివ్, బాదం చెట్లు వేసుకున్నారు. మరి తోటలెలా బతికాయి అని మా ఆయన అడిగే లోపే అమ్మ వంగి ఒక ముసలి తీగ మొదలు దగ్గర కణుపులా ఉబ్బిన చోట వేలు పెట్టింది. "అంటు కట్టార్రా" అంది. నేను ఇంగ్లీషులో చెప్పాను. గైడ్ నవ్వి అమ్మ చెయ్యి పట్టుకుంది. నిజమే, ఆ పురుగుని తట్టుకునే అమెరికా మొక్క వేరు మీద ఇక్కడి ద్రాక్ష అంటు కట్టారు. ఇప్పుడున్న తోటలు దాదాపు అన్నీ అలా వచ్చినవే. ఆ తర్వాత వాళ్ళిద్దరూ భాష లేకుండానే పావుగంట మాట్లాడుకున్నారు. కత్తి ఎలా పట్టుకోవాలి, ఎక్కడ చీల్చాలి, దేంతో చుట్టాలి. నేను పక్కకి తప్పుకున్నాను.

వైన్ మాట. పోర్ట్ వైన్ తియ్యగా ఎందుకుంటుందంటే, రసం పులుస్తుండగా మధ్యలో 77 శాతం ఘాటున్న ద్రాక్ష సారా పోసి పులియడం ఆపేస్తారు. పంచదార అలాగే మిగిలిపోతుంది. కోతల రోజులు కాబట్టి రాతి తొట్టెల్లో కాళ్ళతో ద్రాక్ష తొక్కడం కూడా చూశాం. భుజాల మీద చేతులేసుకుని వరసగా, కవాతులా, ఒక్కో అడుగూ లెక్కపెట్టి. మోకాళ్ళ దాకా ఊదారంగు. నాన్న నిలబడి చూశారు. అమ్మకి మాత్రం ఆ పులిసిన వాసన పడలేదు, కొంగు అడ్డం పెట్టుకుని బయటికొచ్చేసింది. మీ అత్తయ్యగారికీ అంతే కావచ్చు. బయట నీడలో బెంచీలుంటాయి, అక్కడ కూర్చోబెట్టండి. తాగం అని చెప్తే ఎవరూ బలవంతపెట్టలేదు, ద్రాక్షరసం ఇచ్చారు.

నాలుగో రోజు వలెయిరా ఇరుకు. రెండు పక్కలా నిటారు రాయి, మన పాపికొండల్లో నది సన్నబడే చోటు గుర్తొచ్చింది. ఆనకట్ట కట్టకముందు ఇక్కడ నీళ్ళు సుడులు తిరుగుతూ దూకేవి. 1861లో ఫారెస్టర్ అనే ఇంగ్లీషు వర్తకుడు, ఈ నది పటం గీసిన మనిషే, ఇక్కడ పడవ తిరగబడి చనిపోయాడు. అదే పడవలో ఉన్న దోనా అంతోనియా బతికింది. ఈ లోయలో ఎన్నో తోటల్ని నిలబెట్టిన మహాతల్లిగా ఆవిణ్ణి ఇప్పటికీ తలుచుకుంటారు. ఆవిడ గేరా గౌను నీళ్ళ మీద తేల్చిందని చెప్పుకుంటారు. ఇప్పుడక్కడ నీళ్ళు చెరువులా నిశ్చలం. ఇది అమ్మకి చెప్పాలా వద్దా అని తటపటాయించి చెప్పాను. అమ్మ రెయిలింగ్ దగ్గరికెళ్ళి, పర్సులోంచి ఒక రూపాయి బిళ్ళ తీసి నీళ్ళలో వేసి దణ్ణం పెట్టుకుంది. గోదావరి వంతెన మీద రైల్లో వేస్తామే, అలాగే. ఆ మధ్యాహ్నం తర్వాత ఆవిడ పడవలో ఎక్కడా గోడ పట్టుకుని నడవలేదు.

సలమాంకాకి బస్సులో రోజంతా తిప్పుతారు. స్పెయిన్ ఊరు, 1218 నాటి విశ్వవిద్యాలయం, బంగారు రంగు రాయి, బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ వెళ్ళడానికి రెండు గంటలు, రావడానికి రెండు, మధ్యలో గులకరాళ్ళ వీధుల్లో నడక. నాన్న మోకాళ్ళు మర్నాడు కూడా నొప్పెట్టాయి. మళ్ళీ వెళ్తే పెద్దవాళ్ళని ఆ రోజు పడవలోనే ఉంచేస్తాను. లమేగో అనే ఊళ్ళో కొండ మీది చర్చికి 686 మెట్లున్నాయని బెదరకండి, బస్సు పైదాకా వెళ్తుంది.

తిండి దగ్గర మాత్రం దెబ్బ తిన్నాం. బుకింగ్‌లోనే శాకాహారం అని రాశాను, ఫోన్ చేసి కూడా చెప్పాను. మొదటి రాత్రి సూప్ వచ్చింది, కాల్దు వెర్ది, బంగాళాదుంప, ఆకుకూర. అమ్మ చెంచా పెట్టేసరికి అడుగున సాసేజ్ ముక్క. వాళ్ళ పద్ధతిలో ఆ ముక్క వెయ్యకుండా ఆ సూప్ చెయ్యరు, దాన్ని మాంసం కింద లెక్కేసినట్టు లేరు. అమ్మ ఏమీ అనలేదు, కానీ ఆ రాత్రి తినలేదు. నాకు చాలా బాధేసింది. మర్నాడు పొద్దున్న నేనే వంటగది పెద్దతో మాట్లాడి, "సెం కార్న్, సెం పైష్", అంటే మాంసం లేకుండా, చేప లేకుండా అని, మాంసం ఉడికించిన నీళ్ళు కూడా వద్దని ఒక్కో పదార్థం పేరూ చెప్పి రాయించాను. ఆ తర్వాత అన్నం, కూరగాయలు, గుడ్డు లేని వంటలు విడిగా వచ్చాయి. మీరు ఎక్కిన గంటలోనే ఈ పని చెయ్యండి. కందిపొడి, ఆవకాయ, అటుకులు పట్టుకెళ్ళండి. నెయ్యి, కోవా మాత్రం వద్దు, పాల పదార్థాల్ని బయటి దేశాల నుంచి యూరప్‌లోకి తేనివ్వరు. అక్కడి సూపర్ మార్కెట్లో వెన్న కొనుక్కోవచ్చు, పెరుగు బాగుంటుంది.

వీసా షెంగెన్‌దే (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే), స్పెయిన్‌కి వేరే అక్కర్లేదు, పాస్‌పోర్టు మాత్రం వెంట ఉండాలి. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటే ఆ దేశం నుంచి తీసుకోవాలి. మావాళ్ళు మా దగ్గర రెండు నెలలున్నారు కాబట్టి జర్మనీది తీసుకున్నాం, మీకు పోర్చుగల్‌ది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు చెయ్యొచ్చు, ఆలస్యం చెయ్యకండి. మాకు మనిషికి దాదాపు 1,900 యూరోలైంది, విమానం కాక.

నెల విషయంలో నా మాట వినండి. జులై, ఆగస్టు వద్దు, పిన్యావ్ దగ్గర ఎండ 40 దాటుతుంది, ఆ రాయి ఇంకా కాస్తుంది. మే నెల లేదా సెప్టెంబరు చివర. కోతలు చూడాలంటే సెప్టెంబరే. గది మధ్య అంతస్తులో తీసుకోండి. కింది అంతస్తులో కిటికీ నీటిమట్టానికి కాస్త పైన ఉంటుంది, తెరుచుకోదు. మధ్య అంతస్తులో నేల దాకా తెరుచుకునే అద్దం తలుపు ఉంటుంది. నాన్న డెక్ మీదికి ఎక్కని సాయంత్రాలు అమ్మ ఆ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, గట్ల మీద కోత ముగించి బుట్టలతో దిగేవాళ్ళని చూస్తూ కూర్చునేది. వాళ్ళు చెయ్యి ఊపితే తనూ ఊపేది.