గుండె మీద వ్యాసం రాసిన తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాష బావుంది, చెయ్యి తిరుగుతోంది, అందులో సందేహం లేదు. కానీ ఉన్నమాట చెప్తాను, ఏమీ అనుకోకు. మొదటి పేజీ అంతా గుండెను పొగడడానికే సరిపోయింది. అలుపెరగని అవయవమనీ, క్షణం కూడా విశ్రాంతి తీసుకోదనీ రాశావు. పొగడ్త సంగతి అలా ఉంచు, అసలు అది నిజం కాదు. నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండెలో ఒక్కో స్పందనకు 0.8 సెకను పడుతుంది. అందులో జఠరికలు, అంటే గుండె కింది గదులు, బిగుసుకుని ఉండేది 0.3 సెకను మాత్రమే, మిగతా 0.5 సెకను వదులుగా ఉండి రక్తం నింపుకుంటాయి. రోజులో సగానికి పైగా సమయం వాటికి విరామమే అన్నమాట. ఈ విరామం లేకపోతే ఏమవుతుందో చివర్లో చెప్తాను, అది నీ వ్యాసంలో అస్సలు లేదు.

రెండో పేజీలో నాలుగు గదులు, నాలుగు కవాటాలు, ధమనులు, సిరలు, కేశనాళికలు అన్నిటినీ వరసగా పరిచయం చేశావు. పేర్లన్నీ వచ్చాయి, పని మాత్రం రాలేదు. పాఠ్యపుస్తకంలో బొమ్మ పక్కన రాసినట్టుంది. నీకు నేను చెప్పేది ఒక్కటే: భాగాలను వదిలేసి రక్తంతో పాటు నడువు, ప్రతి మలుపులోనూ ఆగి 'ఇప్పుడు దీన్ని ఎవరు తోస్తున్నారు?' అని అడుగు. జవాబు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, నీ వ్యాసం అక్కడే ఉంది.

ఎడమ జఠరిక దగ్గర జవాబు తేలిక. కండరం బిగుసుకుంటుంది, లోపల ఒత్తిడి 120 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఎక్కుతుంది, బృహద్ధమని (ఒంటికి రక్తం తీసుకెళ్లడానికి గుండె నుంచి బయల్దేరే పెద్ద నాళం) కవాటం తెరుచుకుని సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం బయటికి పోతుంది. ఆ కవాటాన్ని తెరవడానికి వేరే కండరమేదీ లేదని ఇక్కడే చెప్పెయ్. తెరిచేదీ మూసేదీ అటూ ఇటూ ఉన్న ఒత్తిడి తేడాయే. డాక్టరు స్టెతస్కోపులో వినే లబ్, డబ్ కవాటాలు మూసుకునేటప్పుడు వచ్చే చప్పుళ్లు: మొదటిది పై గదులైన కర్ణికలకూ జఠరికలకూ మధ్య ఉన్న వాటిది, రెండోది జఠరికల నుంచి రక్తం బయటికి పోయే దారిలో ఉన్న వాటిది.

ఆ తర్వాతి అడుగులోనే నువ్వు జారిపోయావు. జఠరిక వదులైంది, దాని లోపల ఒత్తిడి దాదాపు సున్నాకి దిగింది. మరి బృహద్ధమనిలో ఒత్తిడి 80 దగ్గరే ఎందుకు ఆగింది? గుండెను మోటారు పంపుతో పోల్చావు కదా, ఆ పోలిక ఇక్కడిదాకానే పనికొస్తుంది. మోటారు ఆపితే గొట్టంలో నీళ్లు ఆగిపోతాయి, ఎందుకంటే గొట్టం గోడ సాగదు. బృహద్ధమని గోడ సాగుతుంది. రక్తం ఒక్కసారిగా వచ్చి పడినప్పుడు ఉబ్బి కొంత తనలో ఉంచుకుంటుంది, గుండె వదులవగానే మళ్లీ ముడుచుకుంటూ దాన్ని తోస్తుంది, వెనక కవాటం మూసుకుపోయింది కాబట్టి రక్తం ముందుకే పోవాలి. అంటే గుండె తోయని ఆ అర సెకనులో తోస్తున్నది రక్తనాళం గోడ. బీపీ చూపించుకున్న ప్రతివాళ్లకీ 120/80 తెలుసు, కింది అంకె ఎక్కడి నుంచి వస్తుందో ఎవరూ చెప్పరు. నువ్వు చెప్పు. వయసు మీద పడేకొద్దీ ఈ గోడ గట్టిపడుతుంది కాబట్టే పై అంకె పెరిగి, రెండిటికీ మధ్య దూరం ఎక్కువవుతుందని కూడా ఒక వాక్యం కలుపు. అన్నట్టు, మణికట్టు దగ్గర వేలికి తగిలే నాడి అప్పుడే గుండె నుంచి వచ్చిన రక్తం కాదు, గోడల వెంట పరుగెత్తే ఒత్తిడి అల. రక్తం దాని వెనక చాలా నెమ్మదిగా వస్తుంది.

ఇక్కడి నుంచి చిన్న ధమనికల్లోకి వెళ్తాం. దీనికి నువ్వు ఒక్క వాక్యం కూడా ఇవ్వలేదు, ఇదేమో మొత్తం వ్యవస్థలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు. ఎక్కడికి ఎంత రక్తం పోవాలో తేల్చేది ఇవే. వీటి గోడల్లో కండరం ఉంటుంది, అది కాస్త బిగుసుకున్నా చాలు, లెక్క తలకిందులవుతుంది. మిగతావన్నీ అలాగే ఉంచి గొట్టం వ్యాసార్థాన్ని సగం చేస్తే అందులో పారేది సగం కాదు, 16వ వంతు. అందుకే పరుగెత్తేటప్పుడు కాళ్లకు, తిన్నాక పేగులకు రక్తాన్ని మళ్లించడానికి ఒంటికి పెద్ద కష్టం లేదు. టెన్షన్‌లో చేతులు చల్లబడేది కూడా చర్మంలోని ఈ నాళాలు బిగుసుకోవడం వల్లే. ఒత్తిడి ఎక్కువగా ఖర్చయ్యేదీ ఇక్కడే, కేశనాళికలోకి అడుగుపెట్టేసరికి అది 35 దగ్గరికి దిగిపోతుంది.

కేశనాళిక దగ్గర నీ పెన్ను బాగా నెమ్మదించాలి, ఎందుకంటే రక్తం కూడా అక్కడ నెమ్మదిస్తుంది. ఎర్ర రక్తకణం అడ్డకొలత 7 నుంచి 8 మైక్రోమీటర్లు, నాళం చాలాచోట్ల అంతకంటే సన్నం. కణాలు ఒకదాని వెనక ఒకటి, మడత పడుతూ గోడలకు రాసుకుంటూ పోతాయి. గోడ మందం ఒకే ఒక్క కణం. ఆక్సిజన్ బయటికి జారేది, కార్బన్ డయాక్సైడ్ లోపలికి వచ్చేది ఆ పల్చటి గోడలోంచే, ఇదంతా ఒకటి రెండు సెకన్లలో అయిపోవాలి. వేగం సెకనుకు ఒక మిల్లీమీటరు లోపే. 'నాళం సన్నగా ఉంది కాబట్టి వేగం తగ్గింది' అని రాశావు, అది తప్పు. ఒక్కో నాళం సన్నదే, కానీ వేలకోట్ల నాళాల్ని కలిపి చూస్తే దారి బృహద్ధమని కంటే కొన్ని వందల రెట్లు వెడల్పు, వేగం తగ్గేది అందుకు.

ఇక సిరలు. ఇక్కడ నీ ప్రశ్న గట్టిగా నిలబడుతుంది, ఎందుకంటే గుండె ఇచ్చిన తోపు దాదాపు అయిపోయింది, పాదాల నుంచి రక్తం పైకి ఎక్కాలి. తోసేది పిక్కల కండరాలు, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో తగ్గే ఒత్తిడి. వెనక్కి జారకుండా ఆపేది సిరల్లోని కవాటాలు. చాలాసేపు కదలకుండా నిలబడితే పాదాలు వాచేది, ఒక్కోసారి కళ్లు తిరిగి పడిపోయేది ఇందుకే. పాఠకుడి చేత ఒక పని చేయించు: చెయ్యి కిందికి వేలాడదీసి, ఉబ్బిన సిరను వేళ్లవైపు ఒక వేలితో నొక్కిపట్టి, ఇంకో వేలితో అక్కడి నుంచి మోచేతివైపు రక్తాన్ని నిమురుతూ తోసెయ్యమను. పై వేలు తీసినా, మధ్యలో కవాటం ఉంటే అక్కడిదాకా సిర ఖాళీగానే ఉంటుంది, కింది వేలు తియ్యగానే నిండుతుంది.

ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే 1628లో అచ్చువేసిన పుస్తకంలో చూపించింది ఈ పరీక్షనే. ఇటలీలోని పాడువాలో ఆయనకు పాఠం చెప్పిన ఫాబ్రీషియస్ ఈ కవాటాల్ని బాగా చూశాడు, బొమ్మలు వేశాడు, కానీ రక్తం కిందికి వచ్చి పేరుకోకుండా ఆపుతాయనుకుని అక్కడే ఆగిపోయాడు. హార్వే ఇంకా ముందుకెళ్లి లెక్క కట్టాడు. మనం ఇప్పటి అంకెలతో కడదాం: స్పందనకు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 70 సార్లు, రోజుకు సుమారు 7,000 లీటర్లు. ఒంట్లో ఉన్నది 5 లీటర్లు. కాలేయం రక్తాన్ని తయారు చేస్తుంది, శరీరం దాన్ని ఖర్చు చేసేస్తుంది అన్న ప్రాచీన గ్రీకు వైద్యుడు గేలెన్ మాట పదిహేను వందల ఏళ్లకు నిలబడలేకపోయింది ఈ కూడికలు గుణకారాల ముందే. ధమనుల నుంచి సిరల్లోకి రక్తం ఎలా దాటుతుందో హార్వే చూడలేదు, 1657లో పోయాడు, 1661లో ఇటలీ శాస్త్రవేత్త మాల్పీగి కప్ప ఊపిరితిత్తిలో కేశనాళికల్ని సూక్ష్మదర్శినితో చూశాడు. రక్తనాళాలన్నీ కలిపితే భూమిని ఇన్నిసార్లు చుట్టొస్తాయని రాశావే, ఆ వాక్యం తీసేసి ఈ లెక్క పెట్టు. భూమి చుట్టే ఆ వాక్యం నోరు తెరిపిస్తుంది గానీ ఏమీ చెప్పదు.

ఊపిరితిత్తులకు రక్తం తోసే గుండె కుడివైపు గురించి ఎక్కువ అక్కర్లేదు. అవి దగ్గరే కాబట్టి అక్కడ పై ఒత్తిడి 25 చాలు, గోడా పల్చన. కానీ రెండు వైపులూ తోసే రక్తం సమానంగా ఉండాలి. ఎడమవైపు వెనకబడితే రక్తం ఊపిరితిత్తుల్లో పేరుకుని ఆయాసం వస్తుంది.

స్పందన మొదలయ్యేది మెదడులో కాదని మాత్రం మర్చిపోకు. కుడి కర్ణిక గోడలో ఉన్న చిన్న కణాల ముద్ద దానంతటదే విద్యుత్తును పుట్టిస్తుంది, నరాలు దాన్ని తొందరపెట్టడమో నిదానించడమో చేస్తాయి, అంతే. మార్పిడి చేసిన గుండె నరాలన్నీ తెగిపోయినా కొట్టుకునేది అందుకే.

ఇప్పుడు మొదట్లో వాయిదా వేసిన సంగతి. గుండె కండరానికి కూడా రక్తం కావాలి, అది హృదయ ధమనుల్లోంచి వస్తుంది. ఎడమ జఠరిక బిగుసుకున్నప్పుడు దాని గోడలో ఉన్న నాళాలు నలిగిపోతాయి, కాబట్టి ఆ కండరానికి రక్తం ఎక్కువగా అందేది విరామంలోనే. గుండె వేగం పెరిగితే ముందు తగ్గేది ఆ విరామం. హృదయ ధమని ఇరుకైన మనిషికి కూర్చుంటే ఏమీ ఉండదు, మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తుంది. కండరానికి అవసరం పెరిగింది, అందుకునే సమయం తగ్గింది. ఇలా రాస్తే జబ్బు పేరు చెప్పకముందే పాఠకుడికి అర్థమైపోతుంది.

ఇంకొకటి, నీ చివరి పేరాలో గుండెపోటు, గుండె ఆగిపోవడం రెండూ ఒకటే అన్నట్టు రాశావు. వార్తల్లోనూ అలాగే కలిపేస్తుంటారు. గుండెపోటులో ధమని మూసుకుపోయి కండరం చచ్చిపోతూ ఉంటుంది, మనిషి చాలాసార్లు మాట్లాడుతూనే ఉంటాడు, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. గుండె ఆగినప్పుడు లయ తప్పి రక్తం కదలడమే మానేస్తుంది, మనిషి పిలిస్తే పలకడు, ఊపిరి సరిగా ఉండదు. సాయానికి కబురుపెట్టి అక్కడికక్కడే ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టాలి. మొదటిది రెండోదానికి దారి తీయొచ్చు, అంతమాత్రాన రెండూ ఒకటి కావు. ఇక్కడ మాట అలంకారం ఒక్కటి కూడా వద్దు.

ముందు బృహద్ధమని, హృదయ ధమనుల పేరాలు తిరగరాసి పంపు, మిగతావి వాటిని చూశాక సర్దుకుందాం. శీర్షిక కూడా అప్పుడే ఆలోచిద్దాం, ఇప్పుడున్నది మాత్రం వద్దు.

ఉంటాను.