ఏటిగట్టు నడక జెబెల్ షమ్స్‌కి సరిపోతుందా?

"మాది ముమ్మిడివరం వైపు. వచ్చే నెల మస్కట్ వెళ్తున్నాను. అక్కడి ఫ్రెండ్స్ జెబెల్ షమ్స్ కొండెక్కుదాం అంటున్నారు. రోజూ ఏటిగట్టు మీద పది కిలోమీటర్లు నడుస్తున్నాను, చాలా?" అని మీరు అడిగారు. మాది రాజోలు దగ్గరండి. మస్కట్‌లో ఎనిమిదేళ్లు ఏసీ పని చేసి వచ్చాను. ఒమాన్‌లోకెల్లా ఎత్తైన ఆ కొండ ఒకసారి ఎక్కాను. నాకు కాళ్లకంటే నీళ్ల దగ్గరే ఇబ్బంది వచ్చింది, అందుకే ముందు ఆ సంగతి చెప్తాను.

మన దగ్గర ఎండలో పని చేస్తే చొక్కా తడిసి వీపుకి అంటుకుంటుంది. దాన్ని బట్టే ఒంట్లో నీళ్లు ఎంత పోయాయో మనకి తెలుస్తుంది. అక్కడ గాలి పొడి. చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. చొక్కా పొడిగానే ఉంది కదా అని నేను నీళ్లు తాగలేదు. మెడ మీద చెయ్యి పెడితే ఉప్పు గరగరలాడింది. జనవరి, పైగా చలి, అందుకని రెండు లీటర్లే పట్టుకెళ్లాను. పైకి చేరేసరికి అవి అయిపోయాయి, తలనొప్పి మొదలైంది. దారిలో బావి గానీ ఊట గానీ మాకు కనబడలేదు. కాలవ గట్టున పుట్టి పెరిగినవాణ్ణి, చుట్టూ ఎంత దూరం చూసినా రాళ్లే ఉంటే నిజంగా భయం వేసింది. పైన కూర్చున్న ఒమానీ కుర్రాళ్లు నా ముఖం చూసి, అడక్కుండానే ఒక బాటిలు నీళ్లు, గుప్పెడు ఖర్జూరాలు ఇచ్చారు. అవి తాగి, తిని దిగాను. మీరు మనిషికి నాలుగైదు లీటర్లకి తగ్గొద్దు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు కూడా పెట్టుకోండి. దాహం వేసినా వేయకపోయినా అరగంటకోసారి తాగండి.

దారి విషయానికొస్తే, రానూపోనూ 20 కిలోమీటర్లు, దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు ఎక్కాలి. రాళ్ల మీద రంగు గీతలు వేసి ఉంటాయి, అవి కనబడకపోతే ఆగి వెనక్కి చూసుకోండి. అసలు శిఖరం సైన్యం చేతిలో ఉంది. మనల్ని వెళ్లనిచ్చేది దక్షిణ శిఖరానికి, అది 3,000 మీటర్లకి కొంచెం తక్కువ. గురువారం రాత్రి కింద టెంట్ వేసుకుని, శుక్రవారం తెల్లవారకముందే బయల్దేరాం. దిగేసరికి సాయంత్రం. రాత్రి చలి చాలా గట్టిది, స్వెటర్ తప్పనిసరి.

ఇక జంతువులు. మేకలు, గాడిదలు మనుషులకి అలవాటుపడి దగ్గరికొస్తాయి. రాళ్ల మీద నీలం రంగు తొండ ఒకటి కనబడింది. రాత్రి టెంట్ దగ్గరికి పెద్ద చెవుల ఎర్ర నక్క వచ్చి వెళ్లింది. అరేబియన్ తహర్ అనే కొండమేక లాంటి జంతువు కోసం రోజంతా వెతికాను, కనబడలేదు. ఆ ప్రాంతపు కొండల్లో తప్ప ఇంకెక్కడా ఉండదు అది. దాని శాస్త్రీయ నామంలో 'జయకరి' అని ఉంటుంది. 19వ శతాబ్దం చివర్లో మస్కట్‌లో పనిచేసిన మన దేశపు డాక్టరు ఆత్మారామ్ జయకర్ పేరు మీద పెట్టారు. అది తెలిసినప్పుడు చాలా సంతోషం వేసింది.

అన్నిటికంటే నాకు మిగిలింది రాబందు. లోయ అంచున కూర్చుంటే పసుపు ముఖం, తెల్లటి ఒళ్లు, నల్లటి రెక్కల అంచులతో ఒకటి మా కాళ్ల కిందుగా, రెక్క ఆడించకుండా తేలుతూ పోయింది. దాని వీపు చూశాను నేను. చిన్నప్పుడు మా ఊళ్లో గొడ్డు చస్తే రాబందులు దిగేవి. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, ఆ గొడ్ల కళేబరాలు తిన్న రాబందులకి విషమై, దేశమంతా అవి దాదాపు పోయాయి. 2006లో ఆ మందుని పశువులకి వాడకూడదన్నారు గానీ, మా ఊరికి మాత్రం అవి మళ్లీ రాలేదు. అక్కడ దాన్ని చూసి కళ్లలో నీళ్లొచ్చాయి.

గట్టు నడక మానకండి, కానీ అది చదును. ఈ నెల రోజుల్లో వీలైనన్ని ఆదివారాలు అన్నవరమో కోరుకొండో వెళ్లి, వీపున నాలుగు లీటర్ల నీళ్లు వేసుకుని మెట్లెక్కండి, దిగండి. దిగడమే ముఖ్యం. నా మోకాళ్లు నొప్పి పెట్టింది దిగేటప్పుడే.