హీరో గెలిచినా ఈలలు విలన్‌కేనా? లోపం లేచే తీరులో ఉంది

మీ హీరో దెబ్బ తిని మరీ తొందరగా లేస్తున్నాడు. అనంతపురం కాలేజీ షోలో 12 నిమిషాల ప్రో రెజ్లింగ్ (గెలుపోటములు ముందే అనుకుని ఆడే కుస్తీ) ఆట పెట్టామని, ఆరడుగుల హీరో సునాయాసంగా గెలిచినా జనం విలన్‌కే ఈలలు వేశారని రాశారు. ఓడిపోతాడేమోనన్న భయమే లేకపోతే జనం ఎవరికోసం అరవాలి?

ఆటను ఇలా పంచండి:

1. మొదటి 3 నిమిషాలు హీరోవే. వేగం, పట్టు చూపాలి.
2. విలన్ మోసంతోనే పైచేయి సాధించాలి. రెఫరీ అటు తిరగ్గానే కంట్లో వేలు చాలు. న్యాయంగా కొడితే మొనగాడు అతనే అవుతాడు.
3. తర్వాత 6 నిమిషాలు విలన్ ఒక్కచోటే, ఎడమ మోకాలి మీదే కొట్టాలి. అమెరికా రెజ్లింగ్‌లో పట్టులు మామూలుగా ఎడమ పక్కకే వేస్తారు. హీరో రెండుసార్లు తిరగబడాలి, రెండుసార్లూ ఆ మోకాలే మొరాయించి కూలాలి.
4. చివరి 3 నిమిషాలు ఎదురుదాడి, గెలుపు.

చాలామంది వదిలేసేది నాలుగో దాంట్లోనే. ఎదురుదాడి చేస్తున్నప్పుడూ కుంటుతూనే ఉండాలి. గంతులేశాడా, ముందు పడ్డ 6 నిమిషాల కష్టమూ వృథా. నొప్పి పడేటప్పుడు మొహం జనం వైపు తిప్పమనండి, నేలకేసి పెడితే వెనక వరసకు ఏమీ తెలియదు.

1987లో అమెరికాలో జరిగిన పెద్ద రెజ్లింగ్ షో రెజిల్‌మేనియా 3లో విలన్ రాండీ సావేజ్‌తో హీరో రికీ స్టీమ్‌బోట్ ఆడిన ఆట చూపించండి. స్టీమ్‌బోట్ దెబ్బ తినే తీరును మించిన పాఠం లేదు.

మైకులో సవాళ్లు విలన్‌కి వదిలేయండి. హీరోకి రెండు వాక్యాలు చాలు.