గుంటలున్న ఆ ఎముక ఎవరిది?

ప్రశ్న: శివాలిక్ కొండల్లో దొరికిన తాబేలు చిప్ప ముక్క ఫొటో చూశాను. పైనంతా గుంటలే. కింద 'మెత్తచిప్ప తాబేలు' అని రాసి ఊరుకున్నారు. అరచేయంత ఎముక ఉన్నా జాతి పేరు ఎందుకు చెప్పలేరు?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: పేరు రాయకపోవడమే సరైన పని. అసలు గుంటలు చూసి మెత్తచిప్ప అనడం కూడా తొందరపాటే. మొసలి వీపు పలకల మీదా గుంటలుంటాయి. ముందు ముక్కను తిరగేయాలి. లోపలి వైపు పక్కటెముక గట్టులా సాగి ఉంటే అది తాబేలు పైచిప్పలోని పక్క పలక. తర్వాత మళ్లీ పైవైపు చూడాలి. మామూలు తాబేళ్ల చిప్పను కప్పే పొలుసుల అంచులు ఎముక మీద సన్నటి గాడులుగా అచ్చుపడతాయి. మెత్తచిప్పకు పొలుసులు లేవు, తోలే. గుంటలతో పాటు గాడి కూడా ఉంటే వేరే తాబేలు. డైనోసార్ల చివరి యుగమైన క్రెటేషియస్ కాలపు తాబేలు అడోకస్ అలాంటిదే. ఇక పలక బయటి అంచు. మామూలు తాబేలుకు అక్కడ అంచు పలకలతో కలిసే పళ్ల అతుకు ఉంటుంది. మెత్తచిప్పకు ఆ పలకలు లేవు, పక్కటెముక కొస బయటికి పొడుచుకొస్తుంది. అయితే ఆ కొస తరచూ విరిగిపోతుంది. విరిగిన అంచును అతుకుగా పొరబడే వీలుంది.

అప్పటికీ తేలకపోతే ముక్కను పలచగా కోసి, అరగదీసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. పైపొరలో పీచు కట్టలు ప్లైవుడ్‌లా ఒకదానికొకటి అడ్డంగా పేర్చి ఉంటాయి. ఇది మెత్తచిప్ప కుటుంబపు గుర్తు, 2007లో వివరంగా ప్రచురించారు.

కుటుంబం వరకు సరే, జాతి మాత్రం ఇంత తేలిగ్గా దొరకదు. గుంటల తీరు వయసును బట్టి, చిప్పలో చోటును బట్టి మారుతుంది. ఈ సంగతి పట్టించుకోకుండా పూర్వం ముక్కముక్కకీ ఒక 'ట్రయోనిక్స్' జాతి పెట్టేశారు. ఇప్పుడు బతికున్న వాటిలో ఆ ప్రజాతి కింద మిగిలింది ఒక్క జాతే. నమ్మకంగా పేరు పెట్టాలంటే పుర్రె, మెడ పలక, అడుగు చిప్ప కావాలి. అడుగు చిప్పలో తొమ్మిది ఎముకలు. మధ్యలోని రెండు జతలు ఒకటిగా కలిసిపోయి ఉంటే మెత్తచిప్పల్లోని సైక్లానార్బినే ఉపకుటుంబం వైపు మొగ్గవచ్చు. కానీ ఆ ఎముకల మీది గరుకు మచ్చలు వయసుతో పెరుగుతాయి గనక పిల్లనూ పెద్దదాన్నీ పక్కపక్కన పెట్టి రెండు జాతులనకూడదు.

బంధుత్వంలోనూ శిలాజాలే లెక్క మారుస్తాయి. మెత్తచిప్పలకు దగ్గరి చుట్టం న్యూగినీ, ఉత్తర ఆస్ట్రేలియాల్లోని పందిముక్కు తాబేలు. దానికీ పొలుసులు లేవు, అంచు పలకలు మాత్రం ఉన్నాయి. ఈ రెంటినే చూస్తే ఉమ్మడి పూర్వీకుడే పొలుసులు వదిలేసిందనిపిస్తుంది. కానీ పందిముక్కు వంశానికే చెందిన ఇయోసీన్ (డైనోసార్లు పోయిన తర్వాతి కాలం) నాటి తాబేలు అనోస్టైరా పైచిప్ప మీద పొలుసు గాడులున్నాయి. అంటే రెండు శాఖలూ విడివిడిగా పోగొట్టుకున్నాయన్నమాట.

ప్రశ్న: మా చెరువు తాబేలు చిప్ప వెనక అంచున చిన్న ఎముకలు వరుసగా ఉన్నాయి. మెత్తచిప్పకు అంచు పలకలు ఉండవంటారే?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: అది మన చెరువుల్లో ఉండే మెత్తచిప్ప తాబేలు లిస్సెమిస్ పంక్టేటా అయ్యుంటుంది, వెనక కాళ్లను మూసే చర్మపు మూతలున్నాయేమో చూడండి. ఆ ఎముకలు పాత అంచు పలకల మిగులు కాదు, కొత్తగా ఏర్పడ్డవని ఎక్కువమంది అభిప్రాయం. దాని ఆఫ్రికా చుట్టాలైన సైక్లానార్బిస్, సైక్లోడెర్మాలకు అవి లేవు మరి. అన్నట్టు, ఈ తాబేలుకు 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. చచ్చినదాని చిప్పయినా ఇంటికి తేవద్దు, ఫొటో తీసి వదిలేయండి.