ఎనిడ్ బ్లైటన్ జీవితచరిత్రలు పోగేస్తానన్న మేనకోడలికి

అమలాపురం

చి. అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

ఇంగ్లీషు పిల్లల రచయిత్రి ఎనిడ్ బ్లైటన్ మీద వచ్చిన జీవితచరిత్రలన్నీ పోగేసి, ఏది ఎంతవరకు నమ్మాలో తేల్చి రాస్తానన్నావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. ఇలాంటి పనికి పూనుకున్న పిల్ల మనింట్లో ఒకతుందని మురిసిపోయాను. ఆ మురిపెం తీరకుండానే, ఎనిమిది పుస్తకాలు ఒకే దెబ్బకి తెప్పించేస్తున్నావని కూడా చెప్పింది. గుండెల్లో రాయి పడింది. డబ్బు సంగతి అటుంచు. ఎనిమిదీ కలిపి చదివితే ఎవరిని చూసి ఎవరు రాశారో ఈ జన్మకి తేలదు.

ముందు ఒక్కటే కొను. బార్బరా స్టోనీ రాసినది, 1974లో హాడర్ అండ్ స్టౌటన్ వాళ్ళు వేశారు. ఎనిడ్ డైరీలూ ఉత్తరాలూ చూసి, ఎరిగినవాళ్ళని అడిగి రాసిన తొలి పూర్తి చరిత్ర అది. తర్వాత సవరించిన కూర్పులూ వచ్చాయి. చదవడానికి అవే మేలు. 1974 ప్రతి పోల్చుకోవడానికి, దొరికినప్పుడు తీసుకో. మొదటి ముద్రణ అని అమ్మేవాడు అన్నంతమాత్రాన డబ్బు కట్టేయకు. టైటిల్ పేజీ వెనకవైపు ఫోటో పంపమను. వెనక అట్ట మీద బార్‌కోడ్ ఉంటే అది 1974 ప్రతి కాదు. ఐఎస్‌బీఎన్ అనే పుస్తకం గుర్తింపు సంఖ్య పదమూడంకెలదైనా కాదు, అప్పట్లో అంత పొడుగువి లేవు.

ఇంగ్లండు లైబ్రరీలు తీసేసిన ప్రతులు చవగ్గా వస్తాయి. రబ్బరు స్టాంపులుంటే ఉండనీ. నున్నటి కాగితం మీద అచ్చువేసిన ఫోటో పేజీలు మాత్రం ఎన్నున్నాయో లెక్కపెట్టించు. ముందుగా చింపుకుపోయేది వాటినే. ఈ రచయిత్రి విషయంలో ఫోటో పోయిందంటే సాక్షి పోయినట్టే. ఎందుకో చెప్తాను, కాస్త నిదానంగా చదువు.

1952లో ఎనిడ్ తన కథ తనే పిల్లల కోసం రాసుకుంది, 'ద స్టోరీ ఆఫ్ మై లైఫ్' అని. ఇల్లు, తోట, పెంపుడు జంతువులు, ఇద్దరు ఆడపిల్లలు, పక్కన భర్త కెన్నెత్ డారెల్ వాటర్స్, ఆయన సర్జను. పిల్లల ఇంటిపేరూ డారెల్ వాటర్సే. రాసింది సాక్షాత్తూ ఆవిడే, ఫోటోలూ ఉన్నాయి, ఇంకేం కావాలి అనుకుని, నా నోట్సులో 'పిల్లల తండ్రి' అన్న చోట కెన్నెత్ అని రాసి పెట్టాను. తప్పు. ఆ ఒక్క తప్పు వెనకాల ఎన్ని తప్పులు వరస కట్టాయో చూడు. పెద్దమ్మాయి జిలియన్ పుట్టింది 1931లో కాబట్టి పెళ్ళి అంతకుముందే అయ్యుండాలని లెక్క. బోర్న్ ఎండ్ దగ్గర ఓల్డ్ థాచ్ ఇంట్లో వాళ్ళు కాపురం పెట్టింది 1929లో కాబట్టి ఆ కాపురమూ కెన్నెత్‌తోనే. మొదట్లో ఎనిడ్ పుస్తకాలు వేసిన న్యూన్స్ సంస్థలో హ్యూ పొలాక్ అనే సంపాదకుడు తగిలితే, ఎవరో ఆఫీసు మనిషిలే అని వదిలేయడం. ఆ ఆఫీసు మనిషే మొదటి భర్త! పెళ్ళి 1924లో, విడాకులు 1942లో. కెన్నెత్‌తో పెళ్ళి 1943లో. ఇద్దరు పిల్లలూ హ్యూ బిడ్డలే. విడాకుల తర్వాత వాళ్ళని చూడడానికి కూడా ఆయనకి వీల్లేకుండా పోయింది. ఇంటిపేరు మార్చింది ఆ తర్వాతే.

1952 పుస్తకంలో హ్యూ ఊసే లేదు. అబద్ధం రాసిందని పట్టుకోవడానికి ఒక్క వాక్యం దొరకదు, ఉండాల్సిన మనిషి ఉండడు, అంతే. మనం ఎంతసేపూ రాసిన వాక్యం నిజమా కాదా అని చూస్తాం కానీ, రాయకుండా వదిలినదాన్ని వెతకం. అందుకే ఏ పుస్తకమూ తెరవకముందే తేదీల పట్టిక ఒకటి గీసుకో. పుట్టుక 1897 ఆగస్టు 11, లండన్లో ఈస్ట్ డల్విచ్. తొలి పుస్తకం 1922, పద్యాలు. పెళ్ళి 1924. పిల్లలు 1931లో, 1935లో. బీకన్స్‌ఫీల్డ్‌లో గ్రీన్ హెడ్జెస్ ఇంటికి 1938లో. విడాకులు 1942, రెండో పెళ్ళి 1943, మరణం 1968 నవంబరు 28. ఈ పట్టిక పక్కన పెట్టుకుని ఫోటోలు చూడు. ఎవరు ఏ ఏడాది బొమ్మలో ఉండాలో, ఎవరు లేరో ఇట్టే దొరికిపోతుంది. చేతికొచ్చిన ప్రతి పుస్తకాన్నీ వెనకనుంచి తెరిచి, సూచికలో 'పొలాక్' దగ్గర ఎన్ని పేజీల అంకెలున్నాయో కూడా చూసుకో. అసలు సూచికే లేదూ, నోట్సు లేవూ అంటే దాన్ని సరదాకి చదువుకో, వ్యాసంలోకి మాత్రం రానీయకు.

అలాగని 1952 పుస్తకాన్ని అవతల పారేసేవు సుమా. పిల్లల కంటికి తను ఎలా కనబడాలనుకుందో చెప్పడానికి అంతకన్నా మంచి సాక్షి లేదు. కెన్నెత్ మీద ఇష్టం ఎంతుండేదో తెలియాలంటే ఆత్మకథ కూడా అక్కర్లేదులే. 1946లో మొదలైన మాలరీ టవర్స్ బడి కథల నాయిక పేరు గుర్తుందా? డారెల్ రివర్స్. మొగుడి పేరులో నీళ్ళు, నాయిక పేరులో నదులు. ఆ సిరీస్ కోసం అన్నం కంచం ముందు నుంచి ఎన్నిసార్లు లేచిపోయావో, మీ అమ్మతో ఎన్ని మొట్టికాయలు తిన్నావో నాకింకా గుర్తే.

ఇక ఇద్దరు కూతుళ్ళ సంగతి. చిన్నది ఇమోజెన్ స్మాల్‌వుడ్ 1989లో తన జ్ఞాపకాలు వేసింది. తల్లి ప్రేమ ఎరగనట్టు రాసింది. పెద్దది జిలియన్ బావర్‌స్టాక్ అమ్మ చాలా మంచిదనే చెబుతూ వచ్చింది. పత్రికలవాళ్ళు ఇమోజెన్ మాటలు ఎత్తుకున్నంతగా జిలియన్ మాటలు ఎత్తుకోలేదు. చేదుకే గిరాకీ మరి. నువ్వు మాత్రం ఎవరు నిజం చెప్పారని అడక్కు. విడాకులనాటికి జిలియన్‌కి సుమారు పదకొండేళ్ళు, ఇమోజెన్‌కి సుమారు ఏడు. ఒకతి చూసిన ఇల్లు రెండోది చూడలేదు, అంతే తేడా. హ్యూ వైపు మాట కావాలంటే ఆయన తర్వాతి భార్య, నవలా రచయిత్రి ఇడా పొలాక్ నూరేళ్ళు దాటాక 2009లో వేసిన ఆత్మకథ ఉంది. ఆవిడకీ తన పక్షం ఉంటుంది, అది మరిచిపోకు. ఇంకోటి కూడా రాసుకో. కెన్నెత్ 1967లో పోయాడు, ఎనిడ్ 1968లో, హ్యూ 1971లో. స్టోనీ పుస్తకం అచ్చయ్యేటప్పటికి జవాబు చెప్పుకోవడానికి ముగ్గురిలో ఒక్కరూ లేరు.

మరో గుంట ఉంది, కాలు జారకు. అయిదు పుస్తకాలు ఒకే మాట చెప్పాయి కాబట్టి నిజమే అనుకోవడం. ధవళేశ్వరం దగ్గర నీరు ఎర్రబడితే మన కాలవలన్నీ ఎర్రగానే పారతాయి, పది బోదెల్లో చూశానంటే పది సాక్ష్యాలైపోతాయా? తండ్రి థామస్ ఇల్లు విడిచి వెళ్ళినప్పుడు ఎనిడ్ పదమూడేళ్ళ పిల్ల. ఆ దెబ్బకి మనసు అక్కడే ఆగిపోయిందన్న మాట ఎక్కడ కనబడినా, కింద నోట్సు పట్టుకుని పైకి వెళ్ళు. స్టోనీ దాకా వెళ్ళి ఆగితే అది ఒక్క సాక్ష్యమే. పైగా తండ్రి వెళ్ళడం జరిగిన సంగతి, మనసు ఆగిపోవడం రాసినవాళ్ళ ఊహ. రెండూ ఒకే గడిలో రాయకు. నోటుబుక్కులో నాలుగు గళ్ళు చాలు: ఏమన్నారు, మొదట అన్నది ఎవరు, ఏ సంవత్సరంలో, అప్పుడు వాళ్ళు ఎక్కడున్నారు. నాలుగో గడి ఖాళీగా మిగిలితే ఆ మాట పక్కన పెన్సిలుతో చుక్క పెట్టు.

ఆవిడ గురించి ఆవిడే చెప్పుకున్నవీ ఇలాగే చూడు. మనసులో ఓ సొంత సినిమా తెర ఉందనీ, దానిమీద కనబడింది రాసేస్తాననీ పీటర్ మెకెల్లర్ అనే సైకాలజిస్టుకి 1953 నుంచి ఉత్తరాలు రాసింది. అవి స్టోనీ పుస్తకం చివర ఉన్నాయి, అన్నిటికన్నా ముందు అవే చదువు. మొత్తం ఎన్ని పుస్తకాలు రాసిందన్న లెక్క మాత్రం ఒకరిది ఒకరికి కుదరదు, పాత కథలు కొత్త అట్టల్లో ఎన్నోసార్లు వచ్చాయి మరి. 2009లో వచ్చిన బీబీసీ సినిమా ఆఖర్న చూడు, అంతకుముందు చూశావో ఆ నటి మొహమే నీ వ్యాసంలోకి వచ్చి కూర్చుంటుంది.

ఎవరెన్ని రాసినా నీకు ఆ పుస్తకాలమీద మనసు విరిగిపోతుందేమోనని నాకు లోపల్లోపల బెంగ. విరిగినా పరవాలేదులే, రాయి. ఆ బెంగ నాది.

పుస్తకాలు వచ్చాక ఇక్కడికే పంపుతానన్నావట. వానాకాలం వెళ్ళాక పంపు. 96 తుఫాను తర్వాత ఈ ఇంటి గోడల్లో చెమ్మ ఆరింది లేదు. బీరువాని గోడకి మూడు వేళ్ళ ఎడంగా జరిపించాను, అడుగు అర ఖాళీగానే ఉంచుతాను. కలరా ఉండలు గుడ్డలో కట్టి మూలల్లో పెడతాను, అట్టకి తగలనివ్వను. నువ్వు ప్లాస్టిక్ అట్టలు మాత్రం వేయకు, లోపల చెమ్మ పట్టి బూజు లేస్తుంది. చిరిగినచోట సెల్లోటేపు అసలే వద్దు. దారిలో తడిస్తే ఆ నున్నటి ఫోటో పేజీలు ఆరేదాకా ఆగకూడదు. తడిగా ఉండగానే ఒక్కోటీ మెల్లగా విడదీసి, మధ్య తెల్ల కాగితం పెట్టి ఫ్యాను కింద నిలబెట్టాలి. ఒకసారి అంటుకుని ఆరాయంటే ఇక ఊడవు, లాగితే మొహాలు చిరుగుతాయి. ఎండలో పెడితే అట్ట వంకర తిరుగుతుంది.

పార్సెల్ లోపల జాబితా ఒకటి పెట్టు, ఫోటో పేజీల లెక్కతో సహా. నేను విప్పగానే సరిచూసి ఫోను చేస్తాను.

మావయ్య